కిటికీలు తెల్లబడిన హోటల్: మోడల్ రైల్వే కిట్లపై అపోహలు - వాస్తవాలు

ఈ వానాకాలంలో ఇది మూడోది. ఆమదాలవలస నుంచి ఒకబ్బాయి అట్టపెట్టె పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. మూత తీయకముందే "అక్కా, పాడుచేసేశాను" అన్నాడు. లోపల మూడంతస్తుల ఇటుక హోటల్, హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు భవనంలో 87వ వంతు. గోడలు నిటారుగా ఉన్నాయి, మూలలు చక్కగా కలిశాయి, పైన కార్నీసు కూడా ఎక్కడా వంకరపోలేదు. మొదటి కిట్‌కి అంత నీటుగా చేయడం గొప్పే. కానీ కిటికీలన్నీ పాలు చల్లినట్టు తెల్లబడిపోయాయి. రెండో అంతస్తులో ఒక అద్దం మీద బొటనవేలి ముద్ర, గీతలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తేలి ఉంది.

ఏ గమ్ము వాడావని అడగక్కర్లేదు. అయినా అడిగాను. "ఏ కిట్‌కైనా సూపర్ గ్లూ ఒక్కటి చాలని చెప్పారక్కా."

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో, మేడ మీద గదిలో నేను ఇళ్ల నమూనాలు చేస్తాను. ఇంజనీర్లకు, బిల్డర్లకు చేసేది జీవనానికి. మోడల్ రైల్వే కిట్లు, అంటే బొమ్మ రైలు పట్టాల పక్కన పెట్టే చిన్న భవనాల విడిభాగాల సెట్లు, చేసేది ఇష్టంతో. ఆ ఒక్క మాట నమ్మి పాడైన కిట్లు ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. చాలావరకు విదేశం నుంచి తెప్పించుకున్నవి, నెలల తరబడి డబ్బు దాచి కొన్నవి. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: సూపర్ గ్లూ ఉంటే చాలు, వేరే ఏదీ అక్కర్లేదు.

వాస్తవం: సూపర్ గ్లూ అంటే సయనోయాక్రిలేట్. గాలిలో తేమ తగలగానే గట్టిపడటం దాని గుణం. పూర్తిగా గట్టిపడేలోపు కొంత ఆవిరై లేస్తుంది. ఆ ఆవిరి పక్కనున్న నున్నటి పారదర్శక ప్లాస్టిక్ మీద వాలి, తెల్లటి పొరగా బిగుసుకుంటుంది. వేలు తగిలిన చోట చెమట మరక ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువగా పడుతుంది. వస్తువుల మీద వేలిముద్రలు బయటికి తేవడానికి ఫోరెన్సిక్ ల్యాబుల్లో వాడేది ఈ గమ్ము ఆవిరినే. ఆ అబ్బాయి హోటల్లో జరిగింది అచ్చంగా అదే.

పైగా మనది సముద్రం పక్క ప్రాంతం. శ్రావణ భాద్రపదాల్లో ఆరేసిన తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. అంత తేమలో, నాలుగు గోడలూ అతికించి పైకప్పు కూడా మూసేస్తే ఆవిరి బయటికి పోయే దారేది? కిటికీల మీదే పడుతుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ గట్టిగా పట్టుకుంటుందని ట్యూబు మొత్తం పిండేవాళ్లున్నారు. ఈ గమ్ము పల్చటి పొరగా ఉన్నప్పుడే బాగా పట్టుకుంటుంది. ముద్దగా ఉంటే నెమ్మదిగా బిగుస్తుంది, ఆవిరి ఎక్కువగా వదులుతుంది.

ఇలాంటి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కిట్‌కి కావలసింది పల్చటి ప్లాస్టిక్ సిమెంటు. పేరుకి సిమెంటే గాని అది ద్రావకం. రెండు అంచులనూ కాస్త కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది ఒకటే ప్లాస్టిక్, మధ్యలో గమ్ము పొరంటూ ఉండదు. అందుకే గోడ మీద ఒత్తిడి పడినా అతుకు ఊడిరాదు.

రాసే పద్ధతి కూడా వేరు. ముందే పూసి తర్వాత అంటించకండి. రెండు గోడలనూ పొడిగా కలిపి, మూలమట్టం ఆనించి పట్టుకోండి. సన్న బ్రష్షు మొన సిమెంటులో ముంచి, లోపలి వైపు నుంచి అతుకు మీద ఒక్క చోట తాకించండి. ప్రమిదలో ఒత్తి నూనె లాక్కున్నట్టు ఆ సందే సిమెంటును లాక్కుంటుంది. తడి గీత పైనుంచి కిందికి పాకడం కంటికి కనిపిస్తుంది. నేను నేర్పేటప్పుడు పిల్లలందరూ అక్కడ ఒక్క క్షణం ఆగిపోయి చూస్తారు. మీ వేలు మాత్రం ఆ సందు మీద ఉండకూడదు. ఉంటే వేలి కిందికి కూడా అలాగే పాకి, కరిగిన ఇటుకల మీద ముద్ర దిగిపోతుంది. ఆ ముద్ర ఇక పోదు. అంచుల మీద ముందే రంగు పడి ఉంటే బ్లేడుతో గీకేయండి, రంగు మీద ఈ సిమెంటు పనిచేయదు. రాత్రంతా కదపకుండా వదిలేయండి. పని చేసేటప్పుడు కిటికీ తలుపులు తీసి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

కిటికీ అద్దాలకు తెల్ల గమ్ము, చెక్క పనికి వాడే ఫెవికోల్ రకం. అగ్గిపుల్ల మొనతో మూలకో చుక్క. ఎండాక కనిపించదు, తప్పుగా పడితే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. ఆవిరి బాధ లేదు.

సూపర్ గ్లూని పూర్తిగా అవతల పారేయమనడం లేదు. రెజిన్ పొగగొట్టాలు, లోహపు నిచ్చెనలు ప్లాస్టిక్ సిమెంటుతో అతుక్కోవు. వాటికి సూపర్ గ్లూ కావాలి. అవన్నీ అద్దాలు పెట్టకముందే అతికించి ఒక రోజు గాలికి వదలండి.

ఇప్పటికే తెల్లబడిపోయిందా? కంగారు పడకండి. దయచేసి అసిటోన్ మాత్రం ముట్టుకోకండి. సూపర్ గ్లూని అసిటోన్ కరిగిస్తుందనే మాట నిజమే. పాలీస్టైరీన్‌ని కూడా కరిగిస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే విని, నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది ఒక కిటికీ తుడిచాను. తెలుపు పోలేదు. చుట్టూ ఉన్న ఇటుక గీతలు మైనంలా జారిపోయి, ఆ చోటంతా నున్నగా అయిపోయింది. ఆ గోడ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అడిగిన వాళ్లకి తీసి చూపిస్తాను.

చేయాల్సింది ఇది. పొర పల్చగా ఉండి, వేలు అందే చోటైతే టూత్‌పేస్టు కొద్దిగా మెత్తటి గుడ్డకు రాసి నెమ్మదిగా రుద్దండి. చాలావరకు తేటపడుతుంది. అందకపోతే భవనాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. చలికి సూపర్ గ్లూ పెళుసుగా మారుతుంది, పల్చటి కత్తి మొన దూర్చి మెల్లగా తిప్పితే అద్దాలు టక్కున ఊడతాయి. కొత్త అద్దాలకి జిరాక్స్ షాపులో దొరికే పారదర్శక ఓహెచ్‌పీ షీటు కత్తిరించుకుంటే చాలు. ఆ అబ్బాయి హోటల్‌కి మేం చేసింది అదే. రెండు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు చెయ్యి వణికింది, రెండో రోజు అతనే అన్నీ పెట్టాడు.

అపోహ: ముందు మొత్తం కట్టేసి, చివర్లో రంగు వేసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. భాగాలను గిన్నెల సబ్బుతో కడగాలి, లేకపోతే అచ్చు నుంచి అంటుకున్న జిడ్డు మీద రంగు నిలవదు. కిటికీ చట్రాలకు స్ప్రూ మీద, అంటే భాగాలన్నీ తగిలి వచ్చే ప్లాస్టిక్ కాడ మీద, ఉండగానే రంగు వేయాలి. తర్వాత గోడలు, అతుకులు, మ్యాట్ వార్నిష్, అన్నిటికంటే ఆఖరున అద్దాలు. మ్యాట్ వార్నిష్ అద్దం మీద పడినా తెల్లబడుతుంది, ఆ తప్పు కూడా గమ్ము మీదికే తోస్తుంటారు. వర్షం రోజుల్లో స్ప్రే డబ్బా అసలు తీయకండి, తేమకు వార్నిషే పాలిపోతుంది. పైకప్పు ఎప్పుడూ అతికించకండి. ఊడదీసేలా ఉంటే అద్దం, కర్టెన్, లైటు ఏది చెడినా చెయ్యి పెట్టొచ్చు. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: ప్లాస్టిక్ ఇటుక రంగులోనే వచ్చింది, ఇంకేం అక్కర్లేదు.

వాస్తవం: ఆ మెరుపు చూడగానే బొమ్మని తెలిసిపోతుంది. మ్యాట్ ఇటుక రంగు వేసి, పూర్తిగా ఆరాక, లేత బూడిద యాక్రిలిక్‌ని నీళ్లలా పల్చగా కలిపి పూయండి. వెంటనే పైపైన గుడ్డతో తుడవండి. ఇటుకల మధ్య సందుల్లో మాత్రం రంగు మిగులుతుంది, అదే సున్నం గీత.

అపోహ: పట్టా మీద సరిపోతే స్కేలు సరిపోయినట్టే.

వాస్తవం: గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం, స్కేలు అంటే అసలుదానితో పోలిస్తే నమూనా ఎంత చిన్నదో. రెండూ వేరు. హెచ్‌ఓ అంటే 1:87, ఎన్ అంటే 1:160, బ్రిటిష్ ఓఓ అంటే 1:76. హెచ్‌ఓ, ఓఓ రెండూ నడిచేది 16.5 మి.మీ. పట్టా మీదే, కానీ ఓఓ పక్కన పెడితే హెచ్‌ఓ హోటల్ తలుపులు పొట్టిగా కనిపిస్తాయి. కొనేముందు తలుపు ఎత్తు కొలవండి. ఏడడుగుల తలుపు హెచ్‌ఓలో సుమారు 24.5 మి.మీ., ఎన్‌లో 13 పైచిలుకు.

మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న బండి 762 మి.మీ. నేరో గేజ్. దాన్ని 87తో భాగిస్తే దాదాపు 8.8 మి.మీ. వస్తుంది, ఎన్ పట్టా వెడల్పు 9 మి.మీ. కాబట్టి నౌపడ చిన్న బండి చేయాలనుకునేవాళ్లు ఎన్ పట్టా వేసి, పక్కన హెచ్‌ఓ భవనాలే పెట్టుకోవాలి. ఎన్ పట్టా ఉంది కదా అని ఎన్ హోటల్ కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. అమ్మినవాళ్లు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

అపోహ: లోపల ఎంత వెలుగుంటే అంత అందం.

వాస్తవం: ప్లాస్టిక్ గోడ గుండా వెలుగు వచ్చేస్తే భవనమంతా లాంతరులా ఎర్రగా మండుతుంది. గోడల లోపలి వైపు ముందు నలుపు, పైన తెలుపు వేయండి. నల్ల అట్టతో గదులు విడగొట్టండి. 12 వోల్టుల మీద వార్మ్ వైట్ ఎల్‌ఈడీకి ఒక కిలో-ఓమ్ రెసిస్టరు పెడితే దాదాపు 9 మిల్లీయాంప్‌లే పోతాయి, అది చాలు. ఇంకా ఎక్కువనిపిస్తే పెద్ద రెసిస్టరు వేయండి. అన్ని గదుల్లో లైట్లు వెలిగే లాడ్జి ఏ ఊళ్లోనూ ఉండదు, నాలుగైదు గదులు చాలు.

అపోహ: అమెరికా కిట్ మన లేఅవుట్ (బొమ్మ రైలు నడిచే ఊరి నమూనా) మీద నప్పదు.

వాస్తవం: మనకి హోటల్ అంటే ఇడ్లీ, భోజనం. ఆ కిట్లలో హోటల్ అంటే మన లాడ్జి. అది మనసులో పెట్టుకుని మార్చుకుంటే చక్కగా నప్పుతుంది. వాళ్ల పొగగొట్టాలు తీసేయండి. పైన మెట్లగది కట్టండి, పిట్టగోడ మీద బట్టలు ఆరేయండి, కింద అంతస్తులో టిఫిను అరుగు పెట్టండి. కాలం మాత్రం చూసుకోండి. ఆవిరి ఇంజను నడిచే లేఅవుట్ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, టీవీ డిష్ కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్కడ సిమెంటు తొట్టే ఉండాలి.

ఆమదాలవలస అబ్బాయి ఆ కిట్ తీసుకున్నది వాళ్ల నాన్నగారి కోసం. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, చిన్న బండి నడిచిన రోజుల్లో నౌపడ వైపు డ్యూటీ చేశారట. పాడైందని ఆయనకి చెప్పలేక నాలుగు రోజులు పెట్టె మంచం కింద దాచాడు. అద్దాలు మార్చాక ఆయన్నే వెంట తీసుకొచ్చాడు. ఆయన కళ్లద్దాలు తీసి, వంగి, ఒక్కో కిటికీ దగ్గర ఆగి చూశారు.

"మేడ మీద ఆ చివరి గది ఉంది కదమ్మా" అన్నారు. "స్టేషన్ దగ్గర లాడ్జిలో అలాంటి గదిలోనే రాత్రి డ్యూటీ దిగినవాళ్లం పడుకునేవాళ్లం. తెల్లవార్లూ ఎవరో ఒకరు వస్తూ ఉండేవారు, దీపం ఆర్పేవాళ్లం కాదు."

ఆ గదికి వేరే ఎల్‌ఈడీ, వేరే స్విచ్చు పెట్టాను. పైకప్పు ఎత్తితే తీగ కనిపిస్తుంది. లాడ్జి పేరు ఆయన్నే రాయమని ఖాళీ బోర్డు ఇచ్చి పంపాను, వచ్చే ఆదివారం తెస్తానన్నారు.