"టెక్నికల్ పాయింట్" మీద వదిలేశారా?

దోపిడీ కేసులో కింది కోర్టు శిక్ష వేసినవాళ్లను హైకోర్టు విడిచిపెట్టిందని వార్త వస్తే చాలు, గుంటూరు కోర్టు ఎదుట టీ కొట్టు నుంచి బెజవాడ ఆటో స్టాండు దాకా ఒకటే మాట: "ఏదో టెక్నికల్ పాయింట్ దొరికి ఉంటుంది." నాకు ఈ మాట వింటే చిరాకు. ఛార్జ్ రాయడంలో తప్పు ఉందని చూపించి బయటపడే దారి ఎప్పుడో ఇరుకైపోయింది, ఇరుకు చేసిన తీర్పుల్లో ఒకటి మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్లిన కేసులోదే.

ముందు ఒక సంగతి. పోలీసులు వేసేది ఛార్జ్‌షీట్, కోర్టు రాసేది ఛార్జ్, అంటే అభియోగం. ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఫలానా చోట, ఫలానా మనిషి దగ్గర ఫలానా వస్తువు కత్తి చూపించి లాక్కున్నావు, ఇది ఫలానా సెక్షన్ కింద నేరం అని జడ్జి చదివి వినిపిస్తారు. ఒప్పుకుంటావా అంటే బోనులో ఉన్నవాడు "లేదండీ" అంటాడు. రెండు నిమిషాల పని. ఆ కాగితం మీద వాదన మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది.

కథ 1901లో మొదలుపెట్టొచ్చు, అప్పటికి మనమంతా మద్రాసు హైకోర్టు కిందే. సుబ్రహ్మణ్య అయ్యర్ కేసులో రెండేళ్ల వ్యవధిలో జరిగిన 41 పనులను కలిపి ఒకే విచారణ చేశారు. ఒకే రకం నేరాలైతే ఏడాది లోపువి మూడింటిని మించి కలపకూడదని చట్టం. అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ విచారణే చెల్లదంది, పద్ధతే తప్పినప్పుడు చిన్న లోపం అని సర్దుకోవడం కుదరదంది. ఇక ఆ తీర్పు డిఫెన్స్ వకీళ్లకు ఆయుధమైంది.

తర్వాత 1946 చివర్లో పులుకూరి కొట్టయ్య కేసు. ఇది దోపిడీ కాదు, అల్లర్లు, హత్య. గుంటూరు సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది, అక్కణ్ణుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. సాక్షుల మాటలు రాసుకున్న పోలీసు నోట్‌బుక్ డిఫెన్స్‌కు సమయానికి అందలేదన్నది ఒక ఫిర్యాదు. విచారణ మొత్తం చట్టం చెప్పిన పద్ధతికి వేరుగా నడిస్తే చెల్లదు గానీ, పద్ధతి ప్రకారం నడుస్తూ మధ్యలో ఒక లోపం దొర్లితే, దానివల్ల నిందితుడికి అన్యాయం జరగనప్పుడు, సరిపెట్టుకోవచ్చని అక్కడ తేల్చారు.

1955లో విల్లీ స్లేనీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: ఛార్జ్‌లో తప్పుందా అని కాదు, ఆ తప్పు వల్ల నిందితుడు దారి తప్పాడా, తన వాదన చెప్పుకోలేకపోయాడా అని చూడాలంది. 2024 దాకా అమల్లో ఉన్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 215వ సెక్షన్‌లోని ఉదాహరణలూ ఇదే చెప్పాయి (అందులో తేదీలు చివరిదాకా 1882వే!). చనిపోయింది హైదర్ బక్ష్ అయితే ఛార్జ్‌లో ఖోదా బక్ష్ అని పడింది, కానీ నిందితుడి మీద ఉన్నది ఒకే హత్య కేసు, విన్నదంతా హైదర్ బక్ష్ గురించే, కాబట్టి ఫరవాలేదు. హైదర్ బక్ష్ హత్యకు సాక్షుల్ని తెచ్చుకున్నవాణ్ణి ఖోదా బక్ష్ హత్యకు విచారిస్తే మాత్రం అది అసలైన తప్పు.

మరి ఎందుకు వదిలేస్తున్నారు? చాలాసార్లు రుజువు నిలవక. ఛార్జ్‌లో తప్పును సరిపెట్టుకోవచ్చు, రుజువులో లోటును పూడ్చే సెక్షన్ లేదు. ఇక్కడ మళ్లీ కొట్టయ్య కేసే వస్తుంది. "ఈటెతో పొడిచాను, ఈటెను మా ఊళ్లో దొడ్లో దాచాను, చూపిస్తాను" అని పోలీసుల ముందు చెబితే, దాచిన చోటు వరకే సాక్ష్యం, పొడిచాను అన్న మాట పనికిరాదు. పనికిరానివి తీసేశాక మిగిలిన సాక్ష్యం చాలుతుందో లేదో చూడమని కేసును మద్రాసుకే తిప్పి పంపారు. ఇవాళ దోపిడీ కేసుల్లో వీఆర్వోల సంతకాలున్న మధ్యవర్తుల నివేదికలో, అంటే పంచనామాలో, "నేను గొలుసు లాక్కుని..." అని మొదలయ్యే పేరాలో సగానికి గీత పడేది అందుకే.

పైగా లెక్కలున్నాయి. బందిపోటు దోపిడీ, అంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 395వ సెక్షన్, నిలవాలంటే అయిదుగురు ఉండాలి. పేర్లు పెట్టిన ఆరుగురిలో ముగ్గురు నిర్దోషులై, బయట ఇంకెవరూ లేరని తేలితే మిగిలిన ముగ్గురి మీద ఆ సెక్షన్ పోతుంది. మారణాయుధం వాడితే కనీసం ఏడేళ్లు వేసే 397 ఆయుధం పట్టినవాడికే వర్తిస్తుంది, పక్కన నిలబడ్డవాడికి కాదు. 1975లో ఫూల్ కుమార్ కేసు నుంచీ సుప్రీంకోర్టు ఇదే చెబుతోంది, పొడవనక్కర్లేదు, బాధితుడికి కనపడేలా పట్టుకున్నా వాడినట్టే అని కూడా. అయినా నలుగురికీ కలిపి 397 పెట్టేస్తూనే ఉంటారు, కత్తి ఎవరి చేతిలో ఉందో ఛార్జ్‌లో రాయరు.

2022 దాకా గుంటూరు జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన స్టూవర్టుపురం మాట ఎత్తకుండా ఇక్కడి దోపిడీల గురించి రాయలేం. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఆ ఊరి పేరే నేరమైన కాలం ఒకటుంది, ఆ చట్టం 1952లో రద్దయింది. మనిషి చెడ్డవాడన్నది సాక్ష్యం కాదని ఎవిడెన్స్ చట్టం అంతకు చాలా ముందే చెప్పింది, అనుమానం మాత్రం ఆ ఊరి పేరును ఇంకా వదల్లేదు.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చి నంబర్లు మారాయి: మామూలు దోపిడీకి 392 బదులు 309, 395 బదులు 310, 397 బదులు 311. అంతకుముందు జరిగిన నేరాలకు పాత నంబర్లే. లోపలి సరుకు దాదాపు అదే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు రహదారి మీద దోచుకుంటే పదేళ్ల బదులు పద్నాలుగేళ్ల దాకా వేయొచ్చన్న మాట కూడా అలాగే ఉంది. మంగళగిరి దగ్గర హైవే మీద సాయంత్రం ఆరింటికి బైక్ ఆపి కత్తి చూపించారనుకోండి, డిసెంబర్ అయితే అప్పటికి చీకటి, జూన్ అయితే ఇంకా ఎండ. ఛార్జ్‌లో మాత్రం "సుమారు ఆరు గంటల ప్రాంతంలో" అని రాసి వదిలేస్తారు.