విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం?

చిరంజీవులు శ్రావ్యకు, ఆదిత్యకు, తాతయ్య ఆశీస్సులు.

మన విశాఖ నుంచి మీ పిన్ని ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం, ఎన్ని గంటల ప్రయాణం అని అడిగారు. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. గంటల సంగతి మాత్రం అంత సులువుగా తేలదు.

గోడమీది పటంలో స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. దాన్ని నమ్మకండి. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు ఆకారాలు, దూరాలు మారిపోతాయి. గ్లోబు తీసుకోండి. దారం ఒక కొసను విశాఖ మీద వేలితో అదిమిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పట్టుకుని బిగించండి. వదులుగా ఉన్నంతసేపు అటూ ఇటూ జారుతుంది. బిగిసేసరికి తనంతట తానే ఉత్తరానికి జరిగి ఒడిశా, హిమాలయాలు, మంగోలియా, సైబీరియా, అలాస్కా మీదుగా నిలుస్తుంది. బంగాళాఖాతం వైపు పోనే పోదు! అదే అన్నిటికంటే దగ్గర దారి.

ఇక సమయం. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే 15 గంటల లోపే వస్తుంది. కానీ విశాఖ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. ఢిల్లీలోనో మరోచోటో మారాలి, అక్కడ గంటల తరబడి ఆగాలి. హైదరాబాదునే చూడండి. గగనమార్గాన 500 కిలోమీటర్లు, లెక్క ప్రకారం 35 నిమిషాలు. టిక్కెట్టు మీద గంటకు పైనే ఉంటుంది. రన్‌వే దాకా నడవడానికి, పైకెక్కడానికి, దిగడానికి విమానం నెమ్మదించక తప్పదు.

ఈ లెక్కలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమటి నుంచి తూర్పుకు ఉరవడిగా వీస్తుంది. దానితోపాటు పోయే విమానం ఏటివాలుకు వదిలిన పడవే. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. కొత్త దారి సుమారు 15,300 కిలోమీటర్లు, పాతదానికంటే దాదాపు 1,400 ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారిలో కంటే దాదాపు రెండు గంటలు ముందుగా! ఇంత పెద్ద విమానాన్ని కంటికి కనిపించని గాలి ఇలా ముందుకు తోస్తుందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

గడియారాల తేడా కూడా గుర్తుంచుకోండి. మన దేశపు సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకూ విశాఖకూ మధ్య నుంచే పోతుంది. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనుక. ఢిల్లీలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి 16 గంటలు ప్రయాణించినా, అక్కడ దిగేసరికి అదే సోమవారం ఉదయం ఏడున్నర. తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి 8 గంటలకు బయలుదేరితే, అదే 16 గంటలకు ఢిల్లీలో బుధవారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నర అవుతుంది. అందుకని మీరు ఎక్కే తేదీ కాదు, విశాఖలో దిగే తేదీ రాసి పంపమని అమ్మతో చెప్పండి. ఎయిర్‌పోర్టుకు నేను వస్తాను.

మీ తాతయ్య,
విశాఖపట్నం