పైన నేవీ, కింద కౌలు రైతు: విశాఖలో పారాచూట్ ఎక్కడ దిగాలి?

2025 జనవరి 2న ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు గాల్లోనే ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఇద్దరూ గిరగిరా తిరుగుతూ ఒడ్డుకు దగ్గర్లో సముద్రంలో పడ్డారు. నేవీ పడవ వెంటనే వెళ్లి తీసుకురావడంతో గండం గడిచింది. ఆ వీడియో రెండు రోజుల పాటు విశాఖలో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది.

మా బావమరిది దాన్ని చూసి భయపడలేదు సరికదా, కొత్త ఆలోచన పట్టుకొచ్చాడు. మైసూరులో ఒకసారి ట్రైనర్‌తో కట్టుకుని దూకి వచ్చినప్పటి నుంచి అతనికి అదే ధ్యాస. "ఆనందపురం అవతల మనకు రెండెకరాలుంది కదా బావా. సముద్రం పక్కన దూకితేనే కదా ఈ టెన్షన్. మన పొలంలో మనం దిగితే ఎవడడుగుతాడు?" అన్నాడు.

ఎవడడుగుతాడు అన్నది చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. దాని వెనుక రెండు వందల ఏళ్ల కథ ఉంది.

ఆకాశం నుంచి గుడ్డ గొడుగుతో మనిషి దిగడం 1797లోనే మొదలైంది. ఆ ఏడు అక్టోబరు 22న పారిస్‌లో గార్నెరిన్ అనే ఆయన బెలూన్ నుంచి తాడు కోసేసుకుని దిగాడు. మన దేశానికి ఆ విద్య 1889లో ఇంగ్లండు నుంచి వచ్చిన పెర్సివల్ స్పెన్సర్ ప్రదర్శనలతో వచ్చింది. ఆ మరుసటి ఏడే కలకత్తాలో రామచంద్ర ఛటర్జీ అనే సర్కస్ కళాకారుడు పారాచూట్‌తో దూకాడు. అప్పట్లో దీనికి అనుమతి, లైసెన్సు అన్న మాటలే లేవు. గాలి ఎటు తీసుకెళ్తే అటు, ఎవరి పెరట్లో పడితే అక్కడ.

పెరటివాడికి కోపం వస్తే ఏమవుతుందో అమెరికాలో 1822లోనే తేలింది. న్యూయార్క్‌లో గిల్ అనే ఆయన ఎక్కిన బెలూన్ స్వాన్ అనే ఆయన తోటలో దిగింది. గిల్ బుట్టలోంచి సగం బయటికి వేలాడుతూ, పొలంలో పనిచేస్తున్న మనిషిని సాయం రమ్మని కేకేశాడు. బెలూన్ బంగాళాదుంప, ముల్లంగి మొక్కల మీదుగా ముప్పై అడుగులు ఈడ్చుకుపోయింది. ఈలోగా వెంటపడి వచ్చిన రెండు వందల మందికి పైగా జనం కంచె విరగ్గొట్టుకుని లోపలికి చొరబడ్డారు. కూరమొక్కలు, పూలమొక్కలు తొక్కేశారు. గిల్ వల్ల జరిగిన నష్టం 15 డాలర్లు. జనం తొక్కిందీ కలిపితే 90. జనం చేసినదానికి నాదా పూచీ అని గిల్ వాదించాడు. కోర్టు మొత్తం 90 డాలర్లూ అతనే కట్టాలంది. ఆకాశం నుంచి ఊడిపడితే జనం పరిగెత్తుకొస్తారని తెలియదా, పైగా కేకేసి పిలిచింది నువ్వే కదా అన్నది ఆ తీర్పు సారం.

ఆనందపురం పూల మార్కెట్‌కు సరుకు పంపే ఏ బంతి తోటలోనో పండగ ముందు పారాచూట్ దిగిందనుకోండి. మన దగ్గర రెండు వందల మందితో ఆగదు. సెల్ఫీలకే అంతమంది వస్తారు. దిగినవాడు తొక్కేది నాలుగు మొక్కలు. మిగతా మడి పోయేది చూడ్డానికి వచ్చినవాళ్ల వల్లే. ఇప్పటికీ ఈ వ్యవహారంలో అసలు గొడవ అదేనని నా అనుమానం.

నేల ఎవరిదో నింగి దాకా వాళ్లదే అని పాత ఇంగ్లిషు న్యాయంలో ఒక సూత్రం ఉండేది. విమానాలొచ్చాక అది నిలబడలేదు. మన విమాన చట్టం 1934లోనే ఆ తలుపు మూసేసింది. గాలిని, వాతావరణాన్ని, పరిస్థితుల్ని బట్టి సబబైన ఎత్తులో విమానం మీ స్థలం మీదుగా వెళ్లిందన్న ఒక్క కారణంతో కోర్టుకెక్కడానికి వీల్లేదని 17వ సెక్షన్ చెప్పింది. అమెరికాలో 1946లో కోళ్ల రైతు కాస్బీ కేసులో కోర్టు కాస్త మధ్యేమార్గం పట్టింది. అతని స్థలం మీదుగా సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తులో దూసుకుపోతుంటే కోళ్లు బెదిరి గోడలకేసి కొట్టుకుని దాదాపు 150 చచ్చాయి. పై ఆకాశమంతా రైతుది కాదు గానీ, నేలను అనుభవించడానికి కావలసినంత మేరకు అతనిదేనని సుప్రీంకోర్టు తేల్చింది.

గమనించారా? ఇవన్నీ మీదుగా పోయేవాటి సంగతి. దిగేవాడి సంగతి వేరు.

దిగడానికి మన దగ్గర ఉన్న నియమం పాతదే. 1937 నాటి విమాన నియమాల్లో 26వది, విమానం నుంచి వస్తువులు జారవిడవడాన్నీ పారాచూట్‌తో మనుషులు దిగడాన్నీ ఒకే గాటన కట్టింది. ప్రాణం మీదికొచ్చి దూకాల్సి వస్తే తప్ప, ప్రభుత్వ అనుమతి లేకుండా దూకకూడదు. మనిషినీ మూటనీ కలపడమేంటని మొదట నవ్వొచ్చింది. తర్వాత పురూలియా గుర్తొచ్చింది. 1995 డిసెంబరు 17 రాత్రి ఒక ఆంటొనోవ్ విమానం పశ్చిమ బెంగాల్‌లోని ఆ జిల్లా పల్లెల మీద ఏకే-47లు, తూటాలు పారాచూట్లు కట్టి కుమ్మరించి పోయింది. ఆకాశం నుంచి గొడుగు విప్పుకుని ఏది దిగినా మన అధికారులు ముందు అనుమానంగా చూడడానికి కారణాలు లేకపోలేదు.

విశాఖలో ఆ అనుమానం ఇంకో రెండింతలు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన ఊరిది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే. ఊళ్లోని విమానాశ్రయం రన్‌వే కూడా నేవీ వారి ఐఎన్ఎస్ డేగాదే, అక్కడి విమానాలకు దారి చెప్పేదీ నేవీ వాళ్లే. భీమిలి వైపు వెళ్తే మెరైన్ కమాండోల స్థావరం ఐఎన్ఎస్ కర్ణ ఉంది. ఇంకా పైకి పోతే భోగాపురం విమానాశ్రయం. నేవీ డే విన్యాసాల్లో బీచ్‌లో దిగే కమాండోలను చూసి ఇక్కడ ఎవరైనా దిగొచ్చేమో అనుకుంటాం. వాళ్లు దిగేది తమ ఆకాశంలోంచి, పోలీసులు ముందే ఖాళీ చేయించిన సర్కారు ఇసుక మీదికి.

అమెరికాలో తీరు వేరు. అక్కడి విమానయాన నియమావళిలో 105వ భాగం స్కైడైవింగ్‌ది. దూకేవాడు డ్రాప్ జోన్‌లోనే (దిగడానికి కేటాయించిన మైదానంలోనే) దిగాలని అది ఎక్కడా అనదు. సాధారణంగా కనీసం గంట ముందు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (టవర్) వాళ్లకు చెప్పాలి, కింద మనుషులకు గానీ ఆస్తికి గానీ ప్రమాదం తేకూడదు, జనావాసాల మీదైతే ముందుగా అనుమతి పత్రం ఉండాలి. భూమి యజమాని ఒప్పుకున్నాడా లేదా అన్నది ఆయా రాష్ట్రాల చట్టాలు చూసుకుంటాయి. అందుకే అక్కడ గాలి తప్పి పక్క పొలంలో పడినవాడికి సీనియర్లు నేర్పే మొదటి పాఠం: పైరు తొక్కకు, గట్టు మీద నడువు, రైతు ఎదురైతే మర్యాదగా మాట్లాడు.

మన దగ్గర 2022 జూన్‌లో జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ మార్గదర్శకాలు వచ్చాయి. పారాచూటింగ్, బేస్ జంపింగ్ (భవనాలు, కొండకొమ్ముల మీంచి దూకడం), వింగ్‌సూట్ (రెక్కల దుస్తులతో దూకడం) అన్నీ అందులో చేరాయి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి, ఎల్లో జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, గ్రీన్ జోన్‌లో ఏమీ అక్కర్లేదు అన్నాయి. బావమరిది ఈ గ్రీన్ దగ్గరే ఎగిరి గంతేశాడు. కానీ ఆ మ్యాప్ 2021లో డ్రోన్ల కోసం గీసినది. ఆ నిబంధనల్లో గ్రీన్ అంటే 400 అడుగుల ఎత్తు వరకే. ఆపైనంతా ఎల్లో. పదివేల అడుగుల దగ్గర విమానం తలుపు తీసేవాడికి నేల మీద పచ్చగా కనిపించే రంగుతో పనేముంది? అడగాల్సింది టవర్‌నే. విశాఖలో టవర్ అంటే నేవీ.

ఇక నేల. మన నేరచట్టంలో అక్రమ ప్రవేశం అంటే ఊరికే అడుగుపెట్టడం కాదు. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 441వ సెక్షన్ ఇది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 329. గాలి తోసేస్తే పడినవాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? పైగా పెద్ద ప్రమాదం తప్పించుకోవడానికి దురుద్దేశం లేకుండా చేసిన పనికి 19వ సెక్షన్ రక్షణ కూడా ఉంది. అలాగని నష్టపరిహారం దావా వేసే హక్కు రైతుకు పోదు. కావాలనే, చెప్పకుండా దిగినవాడి పరిస్థితి ఇంత తేలిక కాదు.

శిక్షల లెక్క చూస్తే ప్రభుత్వానికి ఏది ముఖ్యమో తెలుస్తుంది. విమాన చట్టం కింద జరిమానా గరిష్ఠ పరిమితిని 2020లో 10 లక్షల నుంచి కోటికి పెంచారు. అక్రమ ప్రవేశానికి 1860 నుంచి 500 రూపాయలే ఉండేది. 2024 జూలైలో కొత్త సంహిత అమల్లోకి వచ్చాక 5,000 అయింది. 1871లో పశువుల అక్రమ ప్రవేశానికి విడిగా చట్టం తెచ్చి, పైరు మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలే హక్కు రైతుకిచ్చారు. పారాచూట్‌ను తోలడానికి బందెలదొడ్డి లేదు.

రెండెకరాలు సరిపోతాయా అన్నది ఇంకో లెక్క. అమెరికా పారాచూట్ సంఘం నియమాల ప్రకారం ఒంటరిగా దూకే విద్యార్థికి, మొదటి మెట్టు లైసెన్సు వాడికి చుట్టూ 330 అడుగుల మేర కరెంటు తీగలు, ఇళ్లు, రోడ్లు, నీళ్లు, చెట్ల గుంపులు ఉండకూడదు. ఆ గుండ్రం విస్తీర్ణం 7 ఎకరాల 85 సెంట్లు. కాస్త అనుభవం వచ్చాక 165 అడుగులు చాలు, అంటే దాదాపు రెండెకరాలు. కాగితం మీద మా వాళ్ల పొలం సరిగ్గా సరిపోతుంది. కానీ దాని తూర్పు గట్టు మీద తాటిచెట్లు, పడమటి పక్కన మోటారుకి వెళ్లే కరెంటు తీగ.

ఇదంతా విని బావమరిది, "సరే, నేవీ వాళ్లు ఒప్పుకున్నారే అనుకో. పొలం మాత్రం మనదే కదా" అన్నాడు. అక్కడే మా మామయ్యగారు పేపర్లోంచి తలెత్తారు. ఆ పొలం మూడేళ్లుగా కౌలుకిచ్చారు. 329వ సెక్షన్ పట్టా ఎవరిదని అడగదు, స్వాధీనంలో ఎవరున్నారని అడుగుతుంది. కాబట్టి మా బావమరిది తన తండ్రి పొలంలో దిగాలన్నా అడగాల్సింది కౌలు రైతునే.

ఆ రోజే ఫోన్ చేసి అడిగాడు కూడా. వరి కోసేశారు కదా, మడి ఖాళీయే కదా అని. అవతలి నుంచి జవాబొచ్చింది: "ఖాళీ ఎక్కడ బాబూ? కోతకి ముందే పెసలు చల్లీసాను. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే గానీ మొలక కనపడదు."