మచిలీపట్నం అద్దకం ‘ఇంగ్లిష్ స్టైల్’ ఎలా అయింది?

1996లో బ్రిటన్ టీవీల్లో ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ ప్రకటన ఒకటి వచ్చింది. ఇంట్లో ఉన్న చింట్జ్ అంతా తీసి బయట పారేయమని దాని సారాంశం. పెద్ద పెద్ద పూలు, మెలికలు తిరిగిన తీగలు ఉన్న నూలు బట్టనే వాళ్లు చింట్జ్ అంటారు. కర్టెన్లు, సోఫా కవర్లు, దుప్పట్లు అన్నీ దానితోనే. అప్పటికే అది బామ్మల కాలపు అచ్చ ఇంగ్లిష్ అలంకరణగా పేరుపడిపోయింది. కానీ ఆ పూల మొదలు వెతుక్కుంటూ వెళితే మనం తేలేది కోరమాండల్ తీరంలో, ముఖ్యంగా మచిలీపట్నం పరిసరాల్లో.

గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నం పెద్ద రేవు. అక్కడి అద్దకం బట్టలకు ఇరాన్‌లో ముందునుంచే గిరాకీ ఉండేది. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లిష్ వారు దిగారు. మొదట్లో వాళ్ల ధ్యాసంతా మిరియాలు, లవంగాల మీదే. ఆగ్నేయాసియా దీవుల్లో ఆ సరుకు దొరకాలంటే బదులుగా ఈ తీరపు బట్టలు ఇవ్వాలి కాబట్టి వీటిని కొన్నారు. ఇదే బట్ట తమ ఇళ్లకూ పనికొస్తుందన్న ఆలోచన తర్వాత వచ్చింది.

వచ్చాక మాత్రం ఆగలేదు. 1663లో లండన్ ఉద్యోగి శామ్యూల్ పెపిస్ భార్య గది గోడలకు కట్టడానికి చింట్జ్ కొన్నానని డైరీలో రాసుకున్నాడు. ఆ మోజుకు కారణం అందం ఒక్కటే కాదు. యూరప్‌లో అప్పుడు నూలు బట్ట మీద ఉతికినా పోని రంగులు వేయడం తెలియదు. మన అద్దకంవాళ్లకు తెలుసు. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడితే గీసిన గీత పాకకుండా ఉంటుంది. నల్ల గీతలకు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రావణం వాడతారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, చిరివేరు అనే మొక్క వేరు వేసి ఉడికిస్తారు. పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది కడిగి ఎండబెడుతుంటే పోతుంది. నీలం అక్కర్లేని చోటంతా మైనం పూసి నీలిమందు తొట్టెలో ముంచుతారు. ఒక్క దుప్పటి పూర్తవడానికి వారాలు పట్టేది.

నమూనాల సంగతి ఇంకా చిత్రం. ఇవి పూర్తిగా మనవి అని చెప్పుకోవడం అంత సులువు కాదు. 1643లోనే ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌కు ఉత్తరం రాశారు: ఎర్ర నేల మీద పూలు మా వాళ్లలో అందరికీ నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచండి అని. తర్వాత లండన్ నుంచి నమూనాలూ పంపించారు. రాతిగుట్ట మీద మొలిచి, మెలికలు తిరిగి, ఏ మొక్కకూ పూయని పూలు పూసిన ఆ ప్రసిద్ధ చెట్టు బొమ్మలో ఇరాన్ ఉంది, చైనా ఉంది, యూరప్ కొనుగోలుదారు ఊహించుకున్న ‘తూర్పు’ కూడా ఉంది. గీసిన చెయ్యి, రంగు తెలిసిన బుర్ర మాత్రం ఇక్కడివి.

ఈ బట్టల ధాటికి యూరప్ పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్స్ ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండులో 1701 నుంచి రంగుల అద్దకాల అమ్మకం ఆగింది. దాంతో లండన్ వాళ్లు మన తెల్ల బట్ట తెప్పించుకుని సొంతంగా అచ్చు వేయడం మొదలుపెట్టారు. 1719లో నేతగాళ్లు వీధుల్లో చింట్జ్ కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అయినా దొంగ సరుకు ఆగలేదు.

ఈలోగా గుట్టు బయటికి పోయింది. కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ, తెలుగు నేర్చుకుని నిఘంటువు కూడా కూర్చినవాడు, క్రైస్తవంలోకి వచ్చిన అద్దకంవాళ్ల దగ్గర పద్ధతంతా అడిగి తెలుసుకుని 1742లో ఫ్రాన్స్‌కు రాసి పంపాడు. ఈ రోజుల్లో అయితే దీన్ని పారిశ్రామిక గూఢచర్యం అంటాం. చిరివేరు లేకపోయినా వాళ్లకు ఇబ్బంది కాలేదు, ఎర్ర రంగిచ్చే మంజిష్ఠ జాతి వేరు అక్కడే పండుతుంది. కావలసింది పటిక కిటుకు. 1759లో ఫ్రాన్స్ నిషేధం ఎత్తేసింది, 1760లో ఓబర్‌కాంఫ్ అనే వ్యాపారి అక్కడి జూయీ ఊళ్లో అచ్చు కార్ఖానా పెట్టాడు. ఇంగ్లండు 1774లో సడలించింది, అదీ తమ దేశంలో తయారైన నూలుకే. ఆ మరుసటి ఏడే ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ మంచానికి కలకత్తా వర్తకులు పంపిన చింట్జ్ తెరల్ని కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నారు. వదిలిపెట్టమని ఆయన ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఆ మంచం ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇలా కలిసిపోయింది బట్టలే కాదు. కుర్చీలు, బీరువాల విషయానికొస్తే విశాఖపట్నం పేరు చెప్పాలి. 18వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు ఇంగ్లిష్ నమూనా కుర్చీలు, రాతబల్లలు చేసి, కర్రలో దంతపు ముక్కలు పొదిగి, వాటిపై గీసిన సన్నని గీతల్లో నల్ల లక్క నింపేవారు. అంచుల్లోని పూలతీగలు చింట్జ్ అంచుల్నే గుర్తుచేస్తాయి. అవి ఇప్పటికీ ‘వైజాగపటం’ పేరుతోనే వేలానికి వస్తాయి. ‘కోరమాండల్ తెరలు’ అనేవి మాత్రం పేరుకే మనవి. ఆ లక్క తెరలు చైనాలో తయారై ఈ తీరం మీదుగా ఓడలెక్కాయి, అంతే.

1783లో థామస్ బెల్ రోలర్ అచ్చు యంత్రానికి పేటెంట్ తీసుకున్నాక చేతి అద్దకం ధరలో పోటీ పడలేకపోయింది. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ నుంచి మిల్లు గుడ్డలే ఇక్కడికి దిగుమతయ్యాయి. మచిలీపట్నం పక్కన పెడనలో ఈ అద్దకం కలంకారీ పేరుతో చెక్క అచ్చుల మీద ఇంకా సాగుతోంది. ఎరుపుకు చిరివేరు బదులు ఎక్కువగా ఆలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు. ‘మచిలీపట్నం కలంకారీ’కి భౌగోళిక గుర్తింపు ఉన్నా, మిల్లుల్లో స్క్రీన్ ప్రింట్ కొట్టిన బట్టలు అదే పేరుతో సగం ధరకు దుకాణాల్లో దొరుకుతున్నాయి. పెడన పనివాళ్ల గొడవంతా ఇప్పుడు దాని గురించే.