ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడి బతుకు: అపోహలు - వాస్తవాలు

డాలస్‌లో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, ఎప్పుడో ఆట మానేసిన పెద్దవాళ్లు ఇద్దరూ నా దగ్గరికి వస్తారు. ఈమధ్య మన తెలుగు పిల్లలూ హెల్మెట్ పెట్టుకుని మైదానంలోకి దిగుతున్నారు. వాళ్ల అమ్మానాన్నల నోట తరచుగా వినే మాటలివి.

అపోహ: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో) ఒక్కసారి చేరితే జీవితాంతం కూర్చుని తినొచ్చు.

వాస్తవం: మనందరికీ తెలిసింది టామ్ బ్రేడీ. 23 సీజన్లు ఆడాడు, లీగ్ ఫైనలైన సూపర్ బౌల్‌ను 7 సార్లు గెలిచాడు. అతన్ని చూసి లెక్కలు వేసుకోకండి. ఆటగాళ్ల సంఘం చెప్పే సగటు కెరీర్ మూడేళ్ల పైచిలుకే. వేసవి శిబిరంలో ఒక్కో జట్టుకు 90 మంది ఉంటారు, ఆగస్టు చివరికి 53 మంది మిగులుతారు. తీసేసినవాళ్లలో కొందరిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (సాధన కోసం ఉంచే అదనపు బృందంలో) పెట్టుకుంటారు కానీ అక్కడ ఏ వారమైనా పొమ్మనొచ్చు.

2025లో కొత్త ఆటగాడి కనీస జీతం ఏడాదికి 8,40,000 డాలర్లు. పెద్ద మొత్తమే, కాదనను. అయితే ఆ జీతం వారాల లెక్కన వస్తుంది. అక్టోబరులో జట్టులోంచి తీసేస్తే కొత్తవాడికి మిగతా వారాల డబ్బు ఉండదు. వచ్చినదాంట్లోనూ ఏజెంటుకు 3 శాతం దాకా పోతుంది, ఆడటానికి వెళ్లిన రాష్ట్రాలు చాలావరకు తమ పన్ను తాము కోసుకుంటాయి. పేపర్లో వచ్చే కాంట్రాక్టు అంకె చూసి మురిసిపోకుండా, అందులో గ్యారంటీ ఎంతో చూడండి. పింఛనుకు అర్హత రావాలంటే మూడు సీజన్లు నిలవాలి.

అపోహ: డ్రాఫ్ట్‌లో (జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) పేరు రాకపోతే ఇక అంతే.

వాస్తవం: కర్ట్ వార్నర్‌ను 1994లో ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. అయోవాలో రాత్రిళ్లు సూపర్‌మార్కెట్ అరల్లో సరుకులు సర్దాడు. 1999 సీజన్‌లో సెయింట్ లూయిస్ రామ్స్‌ను సూపర్ బౌల్ గెలిపించాడు. ఇలాంటివి అరుదే, కానీ జరుగుతాయి.

అపోహ: ముందు వరసలో నిలబడే ఆ భారీ మనుషులు ఒట్టి తిండిపోతులు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ జట్టు ముందు వరస ఆటగాడు జో థామస్ 2007 నుంచి 2017 దాకా వరసగా 10,363 స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒక స్నాప్) ఆడాడు, మధ్యలో ఒక్కటీ వదల్లేదు. ఆట మానేశాక 20 కిలోలకు పైగా తగ్గాడు. ఆ బరువు ఆకలితో వచ్చింది కాదు, ఉద్యోగం కోసం మోసింది. నా దగ్గరికొచ్చే ఒక పాత లైన్‌మన్ (ముందు వరస ఆటగాడు) అంటాడు, కడుపు నిండాక కూడా ప్లేటు ఖాళీ చేయడం తన డ్యూటీలో భాగమని. వేళ్లు చాపమంటే చూపుడువేలు మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగి ఆగిపోతుంది. పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని పక్కవాటుగా దిగుతాడు. చొక్కా గుండీలు భార్య పెట్టాల్సిందే.

అపోహ: మంచి హెల్మెట్ ఉంటే తలకు ఢోకా లేదు.

వాస్తవం: హెల్మెట్ కాపాడేది పుర్రెను. కారులో గడ్డపెరుగు గిన్నె పెట్టుకుని సడన్‌గా బ్రేకు వేయండి. గిన్నెకేం కాదు, లోపల పెరుగు చెదిరిపోతుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు పరిస్థితీ అంతే.

2002లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మాజీ లైన్‌మన్ మైక్ వెబ్‌స్టర్ చనిపోయాక పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ బెన్నెట్ ఒమలు అతని మెదడును పరీక్షించి, 2005లో ఆ వివరాలు ప్రచురించారు. అందులో బయటపడింది సీటీఈ, అంటే తలకు పదేపదే దెబ్బలు తగిలి మెదడు క్రమంగా పాడయ్యే జబ్బు. దాన్ని ఇప్పటికీ చనిపోయాకే ఖాయంగా చెప్పగలరు. పెద్ద దెబ్బలే కాదు, ఏళ్ల తరబడి తగిలే చిన్న దెబ్బలూ దానికి కారణమే. లైన్‌మన్‌కు దాదాపు ప్రతి స్నాప్‌లోనూ ఢీకొట్టడమే పని.

"స్పృహ తప్పలేదు కదండీ, మరేం ఫర్వాలేదు" అంటారు తండ్రులు. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పుడు తలకు దెబ్బ తగిలినవాడు మళ్లీ ఆడాలంటే 5 దశలు దాటాలి, ఆపైన జట్టుతో సంబంధం లేని న్యూరాలజిస్టు సరేననాలి. పెద్దవాళ్లకే అన్ని జాగ్రత్తలుంటే, పిల్లలకు ఇంకెన్ని కావాలి!

మొన్న సీజన్‌లో మన కుర్రాడొకడు తలకు దెబ్బ తగిలి వచ్చి, నా గదిలో ట్యూబ్‌లైటు చూడలేక కళ్లు చికిలించాడు. "శుక్రవారం కాలేజీ కోచ్‌లు చూడటానికొస్తున్నారు" అని వాళ్ల నాన్న బతిమాలారు. నేను ఫోన్ తీసి డాక్టరుతో మాట్లాడాను. కుర్రాడు మూడు వారాలు జెర్సీ వేసుకుని బెంచీ మీదే కూర్చున్నాడు, నాలుగో వారం ఆడాడు.