జపాన్‌లో పేలితే చెన్నైలో ఫోన్లు: అణు ప్రమాదాల వేళ అపోహలు - వాస్తవాలు

2011 మార్చి 12, శనివారం. మన టైం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటగానే జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ఒకటో యూనిట్ భవనం పైభాగం పేలిపోయింది. ఆ దృశ్యం టీవీల్లోకి వచ్చినప్పటి నుంచి చెన్నైలో మా ఆఫీసు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రాలకు పరికరాలు చేసిచ్చే కంపెనీల తరఫున పత్రికలతో, జనంతో మాట్లాడే పని మాది. నేను అప్పటికి కొత్త. నాకు వచ్చిన మొదటి ఫోన్ మాత్రం విలేకరిది కాదు, రణస్థలం నుంచి మా పిన్నిది.

"ఆ కల్పాక్కం అణు కేంద్రం మీ ఇంటికి ఎంత దూరమే?"

"డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది పిన్నీ."

"మన కొవ్వాడలో కూడా అలాంటిదే పెడతామంటున్నారు. ఏమైనా అయితే మాకు చెబుతారా?"

రియాక్టర్ గురించి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అపోహ: ప్రమాదం మన దేశంలో కాదు కదా, మనం నోరు విప్పితేనే భయం పుడుతుంది.

ఈ అపోహ జనానిది కాదు, మా రంగానిదే. మనం ఊరుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఆ వారంలోనే బీబీసీ పేరుతో ఒక దొంగ ఎస్సెమ్మెస్ ఆసియా దేశాల్లో తిరిగింది: వాన వస్తే బయటికి రావద్దు, మెడకు బెటాడిన్ రాసుకోండి అని. బీబీసీ అలాంటి వార్త ఇవ్వనే లేదు, బెటాడిన్ పైపైన రాస్తే థైరాయిడ్‌కు రక్షణా రాదు. చైనాలో అయితే అయోడిన్ ఉప్పు కోసం జనం అంగళ్ల మీద పడ్డారు. లెక్క వేసి చూడండి. థైరాయిడ్‌లో రేడియోధార్మిక అయోడిన్ చేరకుండా రక్షణ కోసం ఇచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయొడైడ్ మాత్రలో అయోడిన్ సుమారు 100 మిల్లీగ్రాములు. ఉప్పులో కిలోకు 15 మిల్లీగ్రాములు అనుకుంటే, ఒక్క మాత్రకు సరిపడా ఆరు కిలోల పైనే ఉప్పు తినాలి. రేడియేషన్ సంగతి తర్వాత, ముందు ఆ ఉప్పే చంపుతుంది.

చెర్నోబిల్ పేలింది 1986 ఏప్రిల్ 26న. 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో రేడియేషన్ అలారం మోగి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్లు ఆరా తీశాకే, ఆ రాత్రి మాస్కో నాలుగు ముక్కలు చెప్పింది. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ టీవీలో మాట్లాడింది మే 14న. ఆ ఆలస్యానికి వడ్డీ మేం ఇప్పటికీ కడుతున్నాం.

అందుకే గంటలోపు ఒక చిన్న నోటు బయటికి వెళ్లాలంటాను. మాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఇన్ని గంటలకు చెబుతాం. ఆ టైంకి కొత్త సంగతి లేకపోయినా, లేదని చెప్పడానికైనా రావాలి.

అపోహ: "మన రియాక్టర్లు ఆ రకం కావు" అంటే సరిపోతుంది.

అప్పట్లో ఒక క్లయింట్ పంపిన డ్రాఫ్టులో ఈ మాటే ఉంది, "ఒక్కటి కూడా" అని మరీ నొక్కి. మా టేబుల్ దగ్గర కూర్చున్న రిటైర్డ్ ఇంజినీరు గారు పెన్ను తీసి ఆ ముక్క కొట్టేశారు. కల్పాక్కం విద్యుత్ కేంద్రంలోని రెండూ 220 మెగావాట్ల భారజల రియాక్టర్లే, నిజమే. కానీ 1969 నుంచి నడిచిన తారాపూర్ మొదటి రెండు యూనిట్లు మరుగునీటి రకం. ఫుకుషిమావీ ఆ కుటుంబంవే. ఈ సంగతి సాయంత్రానికల్లా ఎవరో ఒక విలేకరి పట్టుకునేవాడు.

పైగా ఫుకుషిమాలో దెబ్బతీసింది రియాక్టర్ రకం ఒక్కటే కాదు. భూకంపానికి బయటి కరెంటు పోయింది, సముద్రం పొంగి డీజిల్ జనరేటర్లు మునిగాయి, చల్లబరిచే దిక్కు లేకపోయింది. తీరాన ఉన్నవాళ్లు అడిగేది కూడా అదే: మీ జనరేటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయి?

అపోహ: పేరున్న మనిషి వచ్చి సేఫ్ అంటే గొడవ ఆగుతుంది.

2011 నవంబరులో అబ్దుల్ కలాం గారు తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రానికి వచ్చి, చూసి, సురక్షితమే అన్నారు. అక్కడ ఆయనకున్నంత గౌరవం ఇంకెవరికి ఉంది? అయినా పక్క ఊరు ఇడిందకరైలో ఆ కేంద్రం వద్దంటూ సాగుతున్న ఉద్యమం ఆగలేదు.

అపోహ: టెక్నికల్ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాస్తేనే నిజాయితీ.

2013 జులై 13 రాత్రి కూడంకుళం ఒకటో యూనిట్ "క్రిటికల్" అయింది. పరమాణు కేంద్రకాలు ఒకదాని వెంట ఒకటి చీలే గొలుసు చర్య నిలకడగా సాగడం మొదలైందని, అంటే పుట్టిన రోజని అర్థం. మర్నాడు పిన్ని ఫోన్: "క్రిటికల్ అంట కదే, ఐసీయూలో ఉన్నట్టా?" నవ్వాను గానీ, తప్పు ఆమెది కాదు. అప్పటి నుంచి నా నోట్లలో ఆ మాట ఒంటరిగా ఉండదు. "రిలీజ్" కూడా అంతే. మాకు ప్రెస్ రిలీజ్, ఇంజినీర్లకు రేడియోధార్మిక పదార్థం బయటపడటం.

"ప్లాంట్ సేఫ్" అన్నది ఇంకా జాగ్రత్తగా వాడాల్సిన మాట. 2004 డిసెంబరు 26న సునామీ కల్పాక్కాన్ని తాకింది. నడుస్తున్న రెండో యూనిట్‌ను క్షేమంగా ఆపారు. కానీ టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఆ రెండు ముక్కలు ఎలా వినిపిస్తాయి? ముందు పోయినవాళ్ల గురించి చెప్పి, తర్వాతే రియాక్టర్ మాట ఎత్తాలి.

అపోహ: ప్రమాద స్థాయి మార్చారంటే మొదట అబద్ధం చెప్పినట్టే.

అణు ప్రమాదాల అంతర్జాతీయ కొలమానంలో అన్నిటికంటే పెద్దది లెవెల్ 7. ఫుకుషిమాను మొదట లెవెల్ 4 అన్నారు, మార్చి 18కి 5, ఏప్రిల్ 12కి 7. సమాచారం పెరిగే కొద్దీ అంకె మారుతుంది. మొదటి రోజే "ఇది తాత్కాలికం" అని గట్టిగా చెప్పకపోవడమే తప్పు. "మెల్ట్‌డౌన్", అంటే రియాక్టర్‌లో ఇంధనం కరిగిపోవడం, ఆ మాట కథ వేరు. దాన్ని వాడొద్దని తమ కంపెనీ అప్పటి అధ్యక్షుడే చెప్పినట్టు 2016లో ఫుకుషిమాను నడిపిన టెప్కో ఒప్పుకుంది. ఆ పనిని నేను సమర్థించను.

2023 ఆగస్టు 24న ఫుకుషిమా శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. పిన్ని ఫోన్ వస్తుందని తెలిసి సిద్ధంగానే ఉన్నాను. ఆ నీటిలో మిగిలే ట్రిటియం (హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం) లీటరుకు 1,500 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లోపే ఉండేలా పలచన చేసి వదులుతున్నారని, తాగే నీటికి డబ్ల్యూహెచ్ఓ మార్గదర్శకమే 10,000 అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"అవన్నీ నాకెందుకే, నువ్వు చేపలు తింటున్నావా?"

"నిన్ననే కాశీమేడు నుంచి వంజరం తెచ్చాం పిన్నీ."

"అయితే సరే," అని పెట్టేసింది.