వానలో తడిసిపోయిన నవ్వు

ఐర్లండులోని లిమరిక్ ఊళ్లో ఒక పిల్లవాడు మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. అది సాక్షాత్తూ ఏసుక్రీస్తు శరీరమేనని కాథలిక్కులు నమ్మే చిన్న రొట్టె ముక్క. ఆ సంతోషంలో అమ్మమ్మ వాడికి కడుపునిండా టిఫిన్ పెట్టింది. ఏళ్ల తరబడి అరకడుపుతో పెరిగిన ఒళ్లు కదా, ఆ తిండిని తట్టుకోలేక పెరట్లో కక్కేశాడు. అమ్మమ్మ లబోదిబోమంది. వాడు కక్కింది తిండి ఒక్కటే కాదు, పొద్దున చర్చిలో నోట్లో పెట్టిన దేవుణ్ణి కూడా! ఇప్పుడు దేవుడు నా పెరట్లో పడి ఉన్నాడు, ఏం చెయ్యాలో ఫాదర్‌ను అడిగి రా పో అని పిల్లవాణ్ణి చర్చికి తరిమింది. నీళ్లు పోసి కడిగెయ్యమన్నాడాయన. వాడు వచ్చి ఆ మాట చెబితే, దీవించిన నీళ్లా మామూలు నీళ్లా, అది కూడా అడిగి రమ్మని మళ్లీ తరిమింది.

మడీ ఆచారాల మధ్య పెరిగినవాళ్లకు ఈ అమ్మమ్మను వేరే పరిచయం చెయ్యనక్కర్లేదు.

ఆ పిల్లవాడు ఫ్రాంక్ మెక్‌కోర్ట్. 1930లో న్యూయార్క్‌లో పుట్టాడు. బతుకు సాగక తల్లిదండ్రులు ఐర్లండుకు తిరిగి వెళ్లిపోతే అక్కడే పెరిగాడు. తర్వాత మళ్లీ అమెరికా చేరి ఏళ్ల తరబడి బడిపంతులుగా పనిచేశాడు. 66 ఏళ్ల వయసులో, 1996లో, తన చిన్నతనం గురించి ‘ఏంజెలాస్ యాషెస్’ అనే పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. కథ మాత్రం ఘోరం. చెల్లెలు చనిపోతుంది, కవల తమ్ముళ్లు ఒకరి వెనక ఒకరు చనిపోతారు, తండ్రి వచ్చిన కూలి డబ్బులు వచ్చినట్టే తాగేస్తాడు. అయినా చదువుతుంటే నవ్వాగదు. ఒక్కోచోట నవ్వుతున్నందుకు మనకే సిగ్గేస్తుంది.

1999లో అలన్ పార్కర్ దీన్ని సినిమా తీశాడు. తల్లిగా ఎమిలీ వాట్సన్, తండ్రిగా రాబర్ట్ కార్లైల్ వేశారు. ఇద్దరి నటనకూ వంక పెట్టలేం. జాన్ విలియమ్స్ సంగీతానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. లిమరిక్ వాన తెర మీద రెండు గంటలకు పైగా కురుస్తూనే ఉంటుంది. పుస్తకంలో ఉన్న ఘట్టాలు చాలావరకు ఉన్నాయి. లేనిది నవ్వు. కొద్దో గొప్పో మిగిలినచోట్ల ఒకటి, ఆ పెరటి ఘట్టం. సంఘటనలన్నీ అవే అయినప్పుడు నవ్వు ఎటు పోయినట్టు?

తండ్రి అర్ధరాత్రి తాగొచ్చే ఘట్టాన్నే తీసుకోండి. నిద్రపోతున్న పిల్లల్ని లేపి వరసగా నిలబెడతాడు. దేశభక్తి పాటలు పాడతాడు. ఐర్లండు కోసం ప్రాణాలిస్తామని వాళ్లచేత ప్రమాణం చేయిస్తాడు. పుస్తకంలో ఇది పదే పదే వస్తుంది, వచ్చిన కొద్దీ నవ్వు పెరుగుతుంది. హరికథలో పల్లవి లాగా, ఎత్తుకోగానే తర్వాత ఏమొస్తుందో మనకు ముందే తెలిసిపోతుంది. చెప్పేది పిల్లవాడి మాటల్లోనే, అదీ వర్తమానకాలంలోనే. కానీ ఆ మాటల వెనక అరవై ఆరేళ్ల మనిషి కూర్చుని, ఎక్కడ ఆపాలో, దేన్ని మళ్లీ ఎత్తుకోవాలో చూసుకుంటున్నాడు. ఆయన బతికే ఉన్నాడని, అట్లాంటిక్ దాటాడని, ఇప్పుడు ఇదంతా తలచుకుని నవ్వగలుగుతున్నాడని ప్రతి వాక్యమూ మనకు లోపాయికారీగా చెబుతూనే ఉంటుంది.

కెమెరా ముందుకు వచ్చేసరికి అక్కడ మిగిలింది చలికి వణుకుతూ నిలబడ్డ పిల్లలు, తాగి ఉన్న ఒక తండ్రి. అంతే.

ఆత్మకథలో ‘నేను’లు ఇద్దరుంటారు. అనుభవించిన నేను ఒకడు, చెబుతున్న నేను ఇంకొకడు. దెబ్బలు తిన్నది మొదటివాడు, నవ్వించేది రెండోవాడు. సినిమావాళ్లు హక్కులు కొనేటప్పుడు ఇద్దర్నీ కొంటారు గానీ, షూటింగుకు మొదటివాణ్ణే తీసుకెళ్తారు.

ఇది సాహిత్యం తెలిసినవాళ్లు చెప్పే మాటే. దీని వెనక కొంత మనస్తత్వ శాస్త్రం కూడా ఉంది. నవ్వు పుట్టాలంటే గుండెకు కాసేపు మత్తుమందు ఇచ్చినట్టు ఉండాలని ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లోనే రాశాడు. జాలి మేలుకుంటే నవ్వు లేచిపోతుందని ఆయన అభిప్రాయం. 2010లో పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని ఇంకో రకంగా చెప్పారు. ఏదైనా నవ్వు తెప్పించాలంటే రెండు సంగతులు ఒకేసారి తోచాలి: ఇక్కడేదో తేడా జరిగిందనీ, అయినా ఫరవాలేదనీ. తేడా ఏమీ లేకపోతే విసుగు. ఫరవాలేదనిపించకపోతే భయమో, జాలో, కోపమో. చక్కిలిగింతలు దీనికి మంచి ఉదాహరణ. అన్నయ్య పెడితే నవ్వొస్తుంది, బస్సులో పరాయివాడు పెడితే పోలీసులకు ఫోన్ చేస్తాం.

ఈ ‘ఫరవాలేదు’ అన్నది ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు దూరం నుంచి. కాలం వల్ల వచ్చే దూరం కావచ్చు, ఊరి దూరం కావచ్చు, మనకేమీ కానివాడన్న దూరం కావచ్చు. మెక్‌గ్రా బృందం 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి భలేగా ఉంటుంది. కారు గుద్దేసిన సంగతి నిన్న జరిగితే ఎక్కువ నవ్వొస్తుందా, ఐదేళ్ల కింద జరిగితేనా? ఐదేళ్ల కిందదే అన్నారు జనం. అందులో వింతేం లేదు. మరి కాలివేలు ఎదురుదెబ్బ తగిలితే? ఇక్కడ జవాబు తిరగబడింది. నిన్న తగిలితేనే నవ్వొస్తుందట, ఐదేళ్ల నాటి ఎదురుదెబ్బ ఎవడికి కావాలి? పెద్ద దెబ్బ దూరంగా ఉండాలి, చిన్న దెబ్బ దగ్గరగా ఉండాలి. 2012 అక్టోబరులో అమెరికా తూర్పు తీరాన్ని కొట్టిన శాండీ తుఫాను మీద వచ్చిన జోకులతో వాళ్లు చేసిన ఇంకో అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. రెండు వారాలకు పెద్దగా నవ్వు రాని జోకులకు 36 రోజులయ్యేసరికి బాగా నవ్వారు. 99 రోజులకు మళ్లీ చప్పబడ్డాయి. నవ్వుకూ పండే కాలం ఉంది, కుళ్లే కాలం ఉంది.

ఆ పరిశోధకులు సినిమాల సంగతి ఎత్తలేదు, ఈ అన్వయం నాది. కానీ దీన్ని పట్టుకుని చూస్తే మెక్‌కోర్ట్ పుస్తకానికి ఏమైందో అర్థమవుతుంది. ఆకలి, చావు పెద్ద దెబ్బలు. వాటిని నవ్వదగిన దూరానికి జరపడానికి ఆయనకు యాభై ఏళ్లు పట్టింది. తెర ఒక్క క్షణంలో ఆ యాభై ఏళ్లనూ తుడిచేసింది. సినిమాలో భూతకాలం లేదు. ఏం చూపించినా అది ఇప్పుడే, ఇక్కడే జరుగుతుంది.

దానికి తోడు ముఖం. పుస్తకంలో పిల్లవాడికి ముఖం ఉండదు, గొంతే ఉంటుంది. తెర మీద పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, పలచటి మెడ కనిపిస్తాయి. ఇలాంటి పసి ఆకారం చూడగానే సాకాలన్న కోరిక మనలో తనంతట తాను పుడుతుందని జంతు ప్రవర్తనను చదివిన కోన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించాడు. కుక్కపిల్లను చూసినా మనకు అదే జరుగుతుంది. 2005లో ఫిలిప్ జాక్సన్, అతని సహచరులు మెదడు స్కానర్లో పడుకున్నవాళ్లకు కత్తికో తలుపుకో చిక్కిన చేతుల, కాళ్ల ఫొటోలు చూపించారు. నొప్పి మనకే కలిగినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని ఆ ఫొటోలకే స్పందించాయి. చేతి ఫొటోకే ఇలా అయితే, ఆకలితో ఉన్న పిల్లవాడి ముఖాన్ని క్లోజప్‌లో నిలిపితే బెర్గ్‌సన్ చెప్పిన మత్తుమందు పనిచేస్తుందా?

పుస్తకంలో ఇంకో చోటు ఉంది. వానాకాలం వాళ్ల ఇంటి కింది గదిలోకి నీళ్లొచ్చేస్తాయి. అందరూ పైగదికి ఎక్కేస్తారు. అక్కడ కాస్త పొడిగా, వెచ్చగా ఉంటుంది కాబట్టి దానికి ‘ఇటలీ’ అని పేరు పెట్టుకుంటారు. కాగితం మీద ఆ పేరు పడగానే ఆ గది ఇటలీ అయిపోతుంది. మనం చూసేది మాటనే కాబట్టి, ఆ మాట ఎంత వెలిగిస్తే గది అంత వెలుగుతుంది. కెమెరాకు ఆ వీలు లేదు. గోడ చూపించాలి, గోడ మీద చెమ్మ చూపించాలి. పాత్రలు ఎన్నిసార్లు ఇటలీ అన్నా మన కంటికి అది చెమ్మగోడే. పెరటి ఘట్టం ఎందుకు బతికిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అందులో నవ్వు చెప్పేవాడి గొంతులో లేదు. అమ్మమ్మ నోట్లో ఉంది, ఫాదర్ ఓపికలో ఉంది, చర్చికీ ఇంటికీ మధ్య పరిగెత్తే కాళ్లలో ఉంది. వాటన్నిటినీ ఫొటో తీయొచ్చు.

పెద్ద దెబ్బను దగ్గరకు లాగి చెడగొట్టడం ఒక రకం. చిన్న దెబ్బను దూరం జరిపి చెడగొట్టడం ఇంకో రకం. దానికి బిల్ బ్రైసన్ 1998లో రాసిన ‘ఎ వాక్ ఇన్ ద వుడ్స్’ సాక్ష్యం. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్ల కొండదారి ఉంది, అపలాచియన్ ట్రెయిల్ అంటారు. నలభై నాలుగేళ్ల బ్రైసన్, లావుపాటి పాత స్నేహితుణ్ణి వెంటేసుకుని దాని మీద బయల్దేరాడు. దారంతా జరిగేది ఏమంటే, ఏమీ జరగదు. బ్యాగు బరువు, బురద, ఎలుగుబంటి భయం. ఓ రాత్రి టెంటు బయట ఏదో చప్పుడవుతుంది. కత్తి ఉందా అని స్నేహితుణ్ణి అడిగితే, అతను గోళ్లు కత్తిరించుకునేది ఉందంటాడు. బయట ఉన్నది ఎలుగో కాదో చివరిదాకా తేలదు. తేలకపోవడమే అక్కడ కిటుకు. ఆ భయం మొత్తం ఒక మనిషి తలలో నడుస్తోంది, మనల్నీ ఆ తలలో కూర్చోబెట్టాడు.

2015లో సినిమా వచ్చింది. బ్రైసన్‌గా వేసిన హాలీవుడ్ నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ చాలా ఏళ్లుగా తీయాలనుకున్న సినిమా. స్నేహితుడి వేషానికి పాల్ న్యూమన్‌ను అనుకున్నాడు, 2008లో న్యూమన్ చనిపోయాడు. చివరికి నిక్ నోల్టీతో తీసేనాటికి రెడ్‌ఫోర్డ్ డెబ్బై ఐదు దాటేశాడు. డబ్బులు బాగానే వచ్చాయి, ఫ్లాప్ అనడానికి లేదు. కానీ ఎలుగులు నిజంగానే వచ్చేశాయి. వాటిని బెదరగొట్టే సీను పెట్టారు. తలలో ఉన్న భయం తెర మీదికి రావాలంటే వేరే దారి లేదు మరి. ఇక నలభై నాలుగేళ్ల బద్ధకస్తుడు కొండెక్కుతూ ఆయాసపడితే అది మన సొంత ఆయాసమే. డెబ్బై దాటిన మనిషి ఆయాసపడితే మనకు టెన్షన్ మొదలవుతుంది, ఈయన గుండెకు ఏమీ కాదు కదా అని. కాలివేలి దెబ్బ కాస్తా కారు ప్రమాదం వైపు జరిగింది.

నవ్వించే ‘నేను’కు తెలియని సంగతి చదివేవాడికి తెలియడంలోనూ ఒక మజా ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ ఆత్మకథ కాదు, నవలే. కానీ కథ చెప్పేది పార్వతీశమే. ఇంగ్లండు ప్రయాణానికి తయారవుతూ దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుంటాడు. తనకు అందులో అనుమానమే లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు బోధపడదు. మనకు మెల్లమెల్లగా అందుతుంది. ఇది 1940లో సినిమాగా కూడా వచ్చింది, లంక సత్యం పార్వతీశంగా వేశాడు. ఆ సినిమా సంగతి పక్కన పెట్టి, ఆ టోపీని ఎవరైనా ఎలా చూపించాలో ఊహించండి. కెమెరా తిరగగానే అది ఎవరి టోపీయో అందరికీ తెలిసిపోతుంది. నవ్వు వస్తుంది, రాదనను. కానీ అది టోపీని చూసి వచ్చే నవ్వు. పుస్తకంలోది పార్వతీశం ధీమాను చూసి వచ్చే నవ్వు.

నిజానికి సినిమా హాల్లో నవ్వడం తేలిక కావాలి. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు మనుషులు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారని నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ లెక్క తేల్చాడు. ఒంటరిగా పుస్తకం పట్టుకుని నవ్వినవాళ్లే జనం మధ్య కూర్చుని నవ్వలేకపోయారంటే, పోయింది మామూలు సరుకు కాదు.

చెప్పేవాడి గొంతును నేపథ్యంలో వినిపిస్తే చాలదా అనొచ్చు. ‘ఏంజెలాస్ యాషెస్’ సినిమాలో పెద్దయిన ఫ్రాంక్ గొంతు వినిపిస్తూనే ఉంటుంది. నాకు తోచినంతలో చిక్కు ఏమంటే, ఆ గొంతు చాలాచోట్ల బొమ్మతో ఏకీభవిస్తుంది. బొమ్మ దిగులుగా ఉంటే గొంతూ దిగులుగానే ఉంటుంది. గొంతు ఉండాల్సింది బొమ్మతో పేచీ పెట్టుకోవడానికి. మార్జాన్ సత్రపి తన టెహ్రాన్ బాల్యాన్ని బొమ్మల కథగా వేసి, 2007లో దాన్ని సినిమా చేసినప్పుడు తెర మీద నటుల్ని చూపించనే లేదు. చాలావరకు నలుపు తెలుపు గీతల్లోనే ఉంచేసింది. గీత ముఖం ఎవరి ముఖమూ కాదు కాబట్టి దూరం దానంతట అదే మిగిలింది.

గొంతుతోనే నెగ్గినవాడు జీన్ షెపర్డ్. న్యూయార్క్ రేడియోలో రాత్రిపూట కథలు చెప్పేవాడు. తన చిన్నతనాన్ని కొంత నిజం, కొంత కల్పన కలిపి రాసుకున్నాడు. వాటిలోంచి 1983లో ‘ఎ క్రిస్మస్ స్టోరీ’ వచ్చింది. అందులో రాల్ఫీ అనే పిల్లవాడికి పిల్లలు ఆడుకునే గాలి తుపాకీ కావాలి, కథంతా అదే. కష్టం గోరంత, నేపథ్యంలో షెపర్డ్ గొంతు మాత్రం మహాభారత యుద్ధం వర్ణిస్తున్నట్టు సాగుతుంది. బొమ్మకూ మాటకూ క్షణం పొసగదు, నవ్వంతా ఆ సందులోంచే వస్తుంది. ఒక సీనులో షెపర్డ్ స్వయంగా కనిపిస్తాడు కూడా. పెద్ద దుకాణంలో శాంటా క్లాజ్‌ను చూడ్డానికి జనం బారులు తీరి ఉంటారు. రాల్ఫీ తెలియక మధ్యలో చేరబోతాడు. టోపీ పెట్టుకున్న ఓ పెద్దమనిషి కసురుకుని, క్యూ మొదలయ్యేది అక్కడ అని వెనక్కి చూపిస్తాడు. ఆ పెద్దమనిషే షెపర్డ్. పిల్లవాడు తల తిప్పి చూస్తే క్యూ చివర ఎక్కడుందో కనిపించదు.